జేబు పిస్తోలు

పిస్తోలును గూర్చి ఈ పుటలో వ్రాయుటయా యని పాఠకులలో కొందఱు ఆశ్చర్యపడవచ్చును. కోర్టులలో వాదించుకొని బ్రతుకువాడను, సభలకు బల్లలు మోసి కరపత్రములు పంచినవాడను. ఆయుధములతో నాకేమి పని యని నేనును చిరకాలము అనుకొనియుంటిని. కాని ఒక వస్తువు మన యింటి బీరువాలో మూడు తరములుగా కూర్చుండి, దానిని గూర్చి మనమేమియు నెఱుగక, పండుగలకు వచ్చిన బంధువులకు చూపి మురియుచుండినచో, ఆ యజ్ఞానము ఒకనాడు ప్రాణముమీదికి వచ్చును. మా యింట దాదాపు వచ్చినది. అందువలననే ఈ వ్యాసము.

ఆ వస్తువు అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున కోల్టు కంపెనీవారు చేసిన 1903 నమూనా జేబు పిస్తోలు. మా తాతగారు లైసెన్సుపై కొన్నది. ఆయన తరువాత మా తండ్రిగారి కది సంక్రమించెను. మా తండ్రిగారికి డెబ్బది యేండ్లు దాటినవి. ఆ వయస్సు నిండిన లైసెన్సుదారుడు తన యాయుధమును వారసున కొప్పగించుటకు 2016 నాటి ఆయుధ నిబంధనలు వీలు కల్పించినవి గనుక, దరఖాస్తులు పెట్టి, విచారణలు ముగించుకొని, లైసెన్సు నా పేర తెచ్చుకొంటిని.

ఒప్పగింత నాడు మా తండ్రిగారు బీరువానుండి ఒక తోలుసంచిని, ఒక తగరపు డబ్బాను తెచ్చి చాపమీద పెట్టిరి. మేగజీను ఊడదీసి ప్రక్కన నుంచిరి. అది ఖాళీ. మా అన్నగారి కుమార్తె యెదుట కూర్చుండి లెక్కలు చేసికొనుచుండెను. "ఖాళీదేరా, భయపడకు. వందేండ్ల వస్తువు, ట్రిగ్గరు ఎంత మెత్తగా పనిచేయునో చూడు" అని ఆయన పిస్తోలును చేతికి తీసికొనిరి. "ఒక్క నిమిషము, నాన్నగారూ, తూటాల లెక్క సరిచూడనిండు, కాగితముమీద సంతకము పెట్టవలసినవాడను నేను" అంటిని. లైసెన్సు పుస్తకము ప్రకారము 20 తూటాలు మిగిలియుండవలెను. డబ్బాలో పందొమ్మిదియే ఉన్నవి. మరల లెక్కపెట్టితిని, పందొమ్మిదియే. "ఎప్పుడో పోయియుండును, ఒకటికేమి" అని ఆయన అనిరి. నాకు తృప్తి కలుగలేదు. వృత్తిదోషమని యనుకొనుడు. పిస్తోలు వారి చేతినుండి తీసికొని, గోడవైపు త్రిప్పి, పైనున్న స్లైడును వెనుకకు లాగితిని. ఇరువదవ తూటా గొట్టమునుండి యెగిరి చాపమీద పడినది.

కొంతసే పెవ్వరును మాటాడలేదు. సుమారు ముప్పది యేండ్ల క్రిందట మా వీథిలో దొంగల భయమున్న దినములలో ఆయన పిస్తోలు నింపి తలగడ క్రింద నుంచుకొనిరట. తరువాత మేగజీను తీసి తూటాలు డబ్బాలో పోసి, పని ముగిసినదనుకొనిరి. గొట్టములోనికి చేరిన తూటా మేగజీనుతో బయటికి రాదను సంగతి ఆయన కెవ్వరును చెప్పలేదు. ఆ తూటాయు, దానివెనుక ఎక్కుపెట్టబడిన సుత్తియు, ముప్పది యేండ్లు మా బీరువాలో పట్టుచీరల నడుమ పవ్వళించినవి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారినతరువాత ఈ యంత్రమును ఆమూలాగ్రముగ తెలిసికొనవలెనని నిశ్చయించుకొంటిని. పుస్తకములు చదివితిని, లైసెన్సు గల తుపాకుల పనివానివద్ద విప్పించి చూచితిని, రైఫిల్ క్లబ్బు గుఱిమైదానమున కాల్చి చూచితిని. తెలిసినంతవఱకు నిష్పక్షపాతముగా చెప్పెదను.

దీనిని నిర్మించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు. యూటా రాష్ట్రమున ఆగ్డెన్ పట్టణమున 1855లో పుట్టి, 1926లో బెల్జియమున పనిచోటనే మరణించినవాడు. తుపాకుల నిర్మాణములో ఆతనికి సాటి వచ్చినవారు అరుదు. బెల్జియమున 1900 నాటికే ఆతడు సృష్టించిన 7.65 మిల్లీమీటర్ల తూటాను, అనగా మనవారు పాయింటు ముప్పదిరెండు అనుదానిని, ఈ పిస్తోలు కాల్చును. 1903 మొదలు 1945 వఱకు ఈ కొలతలో 5 లక్షల 70 వేలకు పైగా పిస్తోళ్లు తయారైనవి. కొంచెము పెద్ద తూటాను కాల్చు తమ్ముడొకడు 1908లో పుట్టెను. మా పిస్తోలు స్లైడుమీద 1897, 1903 సంవత్సరముల పేటెంటు తేదీలు చెక్కియున్నవి. గొట్టపు పొడవు మూడు ముప్పాతిక అంగుళములు. బరువు సుమారు 24 ఔన్సులు, అనగా 680 గ్రాములు. మేగజీనులో 8 తూటాలు పట్టును.

కంపెనీవారు దీనికి "సుత్తి లేని జేబు పిస్తోలు" అని పేరు పెట్టిరి. ఈ పేరు కోర్టులో నిలువదు. సుత్తి యున్నది, స్లైడు వెనుకభాగపు తొడుగులో దాగియున్నది. జేబునుండి తీయునప్పుడు గుడ్డకు తగులుకొనకుండుటకై దాచిరి. ఆ కాలపు కోటుజేబులను తలచుకొనినచో ఇది తెలివైన పనియే. మూలలన్నియు గుండ్రన; ఎక్కడను కొస లేదు, ముల్లు లేదు. చేత పట్టుకొనినప్పుడు నదిలో అరిగిన రాతిని పట్టుకొనినట్లుండును. దాని నల్లని నీలపు మెఱుగు చూచి మా తాతగా రేల మోజుపడిరో నాకు తెలిసినది.

పనిచేయు విధము మిక్కిలి సరళము. గొట్టము చట్రమునందు స్థిరముగ నుండును, కాల్చునప్పుడు కదలదు. తూటా పేలగానే గుండు ముందుకు దూకును. ఆ వాయువే ఖాళీ గుల్లను వెనుకకు నెట్టును. స్లైడుకు తాళమేమియు లేదు. దాని బరువును, గొట్టము క్రిందనున్న స్ప్రింగును మాత్రమే ఆ వేగము నాపవలెను. స్లైడు వెనుకకు పోవుచు గుల్లను బయట పాఱవైచి, సుత్తిని ఎక్కుపెట్టి, ముందుకు వచ్చుచు మేగజీనునుండి మఱియొక తూటాను గొట్టములోనికి త్రోయును. ట్రిగ్గరు విడిచి మరల నొక్కినగాని రెండవది పేలదు. బలమైన తూటాలకు ఈ పద్ధతి చాలదు. ఈ చిన్న తూటాకు చక్కగ సరిపోయినది. గొట్టము కదలదు గనుక గుఱి చెదరదు. పెద్ద పిస్తోళ్లలో చాలవాటికి లేని గుణ మిది.

మొదటి దినమున పాత తూటాలలో పదింటిని కాల్చితిని. ఏడు పేలినవి, మూడు పేలలేదు. తూటాల వెనుకనున్న క్యాపులపై సూది గ్రుచ్చిన గుంట కనబడుచునేయున్నది గాని మిక్కిలి పైపైగ నున్నది. తప్పు తూటాలదా, పిస్తోలుదా? ముప్పది యేండ్లు ఎక్కుపెట్టి యుంచిన సుత్తి స్ప్రింగు బలహీనమైన దని పనివాడు తేల్చెను. క్రొత్త స్ప్రింగు వేసినతరువాత ఆ మూడింటిలో ఒకటి పేలినది. రెండు మరల మొండికెత్తినవి. కాబట్టి నేరము ఉభయులదియు నని తీర్పు చెప్పవలసివచ్చినది. స్లైడు స్ప్రింగుకూడ నీరసించియుండెను. క్రొత్త తూటాలతో పరీక్షించినప్పుడు ఒక ఖాళీ గుల్ల బయటపడక స్లైడు నోట చిక్కుకొని నిలుచుండినది. ఆ స్ప్రింగునుకూడ మార్పించితిని.

రెండవ దినమున 40 క్రొత్త తూటాలు, అయిదు నిండు మేగజీనులు. ఒక్కటియు ఆగలేదు. మా తండ్రిగారు వెనుక కుర్చీలో కూర్చుండి, చెవులకు మూతలు పెట్టుకొని, ప్రతి చప్పుడుకు వ్రేలు మడుచుచు లెక్కపెట్టుచుండిరి. ఏడు మీటర్ల దూరమున పదునాఱు గుండ్లు ఒక అరచేతిలో ఇముడు చోట పడినవి. పదునైదు మీటర్లకు ఆ జాగా జానెడైనది. అన్నియు రెండంగుళములు ఎడమకు ఒరిగినవి. ఇరువదియైదు మీటర్ల దూరమున నేను కాల్చిన యెనిమిదిలో ఆఱు భోజనపు పళ్లెమంత వలయములో పడినవి. రెండు కాగితమునకే తగులలేదు. ఆ రెండు నా తప్పులు. నలుబది దాటిన కండ్లకు దీని గుఱిగుర్తులు కనబడవు. వెనుకగుర్తు గోరంత గీత, ముందుగుర్తు బియ్యపుగింజ. జేబులో గీచుకొనరాదని చిన్నవిగ చేసిరి గాని, మసక వెలుతురులో అవి యున్నవో లేవో తెలియదు.

చేతికి వచ్చు తాకిడి స్వల్పము. నా వెనుక వరుసలో నుండిన యొక యువకుడు నేటి ప్లాస్టికు చట్రపు పిస్తోలు కాల్చు అలవాటు గలవాడు; ఈ పిస్తోలు కాల్చుటను చూచి, ఇంత తక్కువ యెగురుట తానెన్నడును చూడలేదనెను. ట్రిగ్గరు వంగక తిన్నగా వెనుకకు జరుగును. చివర స్పష్టముగ విఱుగును. పిడి వెనుకభాగమున నొక పట్టీ యున్నది. చేయి గట్టిగ పట్టి దానిని నొక్కినగాని పిస్తోలు పేలదు. బొటనవ్రేలితో త్రిప్పు భద్రపు మీట ఎడమప్రక్క వేఱుగ నున్నది. మేగజీను విడుచు కొక్కెము పిడి అడుగున నున్నది. రెండు చేతులును కావలెను, తొందరకు పనికిరాదు. విప్పుట మాత్రము ముచ్చటైన పని. స్లైడును గుర్తువఱకు లాగి, గొట్టమును కొంచెము త్రిప్పినచో, అంతయు చేతిలోనికి జారివచ్చును. మఱలు విప్పు పనియే లేదు. వంద సంవత్సరముల క్రిందటి కార్మికుని చేతిపని ఇది. లోపలి భాగముల మీదకూడ ఆకురాతి గీతలు కనబడకుండ సానపట్టినాడు. ఎవరును చూడని చోట అంత శ్రద్ధ యేల వహించెనో నాకు తెలియదు గాని, అతనికి నమస్కరింప బుద్ధి పుట్టినది.

ఇంతవఱకు పొగడ్త. ఇక నా యాక్షేపణ.

ఈ పిస్తోలు నోరు విప్పదు. సుత్తి ఎక్కియున్నదో దిగియున్నదో బయటికి కనబడదు. గొట్టములో తూటా యున్నదో లేదో తెలుపు గుర్తేదియు లేదు. చివరి తూటా కాల్చినతరువాత స్లైడు వెనుక నిలువదు. యథాప్రకారము మూసికొని, ఇంకను నిండియున్నట్లే కనబడును. అన్నిటికంటె మించినది, మేగజీను తీసివేసినను గొట్టములోని తూటా పేలును. ఈ చివరి దోషమును కంపెనీవారే గ్రహించి, 1926 ప్రాంతమున మేగజీను లేనప్పుడు పేలకుండ నొక యడ్డు నమర్చిరి. మాది అంతకు పూర్వపుది. మా తండ్రిగారు మేగజీనును చాపమీద పెట్టి, పట్టీ నొక్కునట్లు పిడి పట్టి, భద్రపు మీటను దించి ట్రిగ్గరు నొక్కియుండినచో ఏమి జరిగియుండునో నేను వ్రాయనక్కఱ లేదు.

న్యాయస్థానములలో నొక జాతి సాక్షులున్నారు. వారు అబద్ధమాడరు, అడిగినదానికే సమాధానము చెప్పుదురు. అడుగనిచో ఇల్లు కాలుచున్నను చెప్పరు. ఈ పిస్తోలు అట్టి సాక్షి. స్లైడును లాగి చూచుటయే ప్రశ్న. వేఱు ప్రశ్న లేదు. జర్మనీలో వాల్తరువారు 1929లో తెచ్చిన పీపీ పిస్తోలును, 1931లో తెచ్చిన దాని తమ్ముడు పీపీకేను దీని ప్రక్కన పెట్టి చూడుడు. సుత్తి బయట కనబడును, తూటా గొట్టములో నున్నచో చిన్న పుల్ల వెనుక పొడుచుకొనివచ్చి వ్రేలికి తగులును, చీకటిలోనైనను తెలియును. భద్రపు మీటను దించినచో సుత్తి దిగును. కోల్టుకు వాటికి నడుమ గడిచినది ఇరువదియాఱు సంవత్సరములే. అందము విషయమున, చేతికి ఒదుగుట విషయమున, కోల్టుకే నా యోటు. ఇంటిలో నుంచుకొనదగిన దేదియన్నచో వాల్తరుకు వేసెదను. ఏదియు వలదని మా యింటి యాడవా రందురు. వారి మాటను త్రోసిపుచ్చుటకు నా యొద్ద గట్టి వాదము లేదు.

శక్తిని గూర్చియు ఒక మాట. దీని గుండు 71 గ్రెయినులు, అనగా నాలుగున్నర గ్రాములకు కొంచెము ఎక్కువ. వేగము సెకనుకు సుమారు 900 అడుగులు. అమెరికా సైనికుల .45 పిస్తోలు గుండు 230 గ్రెయినులు. ఈ తేడాను చూచి చిన్నతూటాను ఆటవస్తువుగ భావించువారు కలరు. ఆ మాట పోలీసు కేసుల కాగితములు చదువని వారిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము తన సేనాధిపతులకు ఇచ్చినది ఈ జాతి పిస్తోలునే. నడుమున మోయుటకు తేలిక, అవసరమైనచో చాలును, అని వారి యభిప్రాయము కాబోలు.

మన దేశమునకు ఈ పిస్తోలుతో గల సంబంధమును చెప్పకున్నచో ఈ వ్యాసము అసంపూర్ణమగును. ప్రయాగలో 1931 ఫిబ్రవరి 27వ తేదీన ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర ఆజాదు ఒంటరిగ పోలీసులతో పోరాడి నేలకొరిగినప్పుడు ఆయన చేతనున్నది కోల్టు పిస్తోలు. అది ఇంగ్లండుకు పోయి తిరిగివచ్చి, నేడు ఆ పార్కులోనే యున్న ప్రదర్శనశాలలో నున్నది. ఆయన దానికి "బమ్‌తుల్ బుఖారా" యని ముద్దుపేరు పెట్టుకొనెనని ప్రతీతి. కాల్చినప్పుడు పొగ రాని మహత్తు దానికున్నదనియు, అందుచేత ఆయన ఏ చెట్టు చాటుననుండి కాల్చుచున్నాడో పోలీసులు కనుగొనలేకపోయిరనియు చెప్పుకొందురు. మహత్తేమియు లేదు. పొగ రాని మందు 1884లోనే ఫ్రాన్సున పుట్టినది. ఈ జాతి తూటాలన్నియు దానితో నింపబడినవే. పాత నల్లమందు నాటు తుపాకులను చూచినవారికి ఈ పిస్తోలు మాయగా తోచియుండును.

మహత్తు వేఱొక చోట నున్నది. చివరి గుండును ఆయన తనకొఱకు దాచుకొనెనని లోకము చెప్పుకొనును. ఇందాక చెప్పితిని గదా, ఈ పిస్తోలు చివరి తూటా అయిపోయినను చెప్పదు. ఎన్ని మిగిలినవో చూపు గుర్తులేదు. గుండ్లు నలుదెసల దూసికొనిపోవుచుండగా, తొడలో గాయముతో చెట్టు నానుకొనియున్న మనుష్యుడు, కాల్చిన ప్రతి గుండును మనసులో లెక్కపెట్టుకొనుచుండవలెను. గుఱిమైదానమున, చల్లని నీడలో, నన్నెవ్వరును చంప జూడకున్నను, నేను రెండుమార్లు లెక్క తప్పితిని. ఖాళీ పిస్తోలును గుఱిపెట్టి ట్రిగ్గరు నొక్కితిని. ఆ తేలికపాటి చప్పుడు విన్నప్పుడు ఆజాదును గూర్చి నేను విన్న ఉపన్యాసము లన్నిటికంటె ఎక్కువ తెలిసినది.

భగత్ సింగు కథ మఱియొకటి. లాహోరులో 1928 డిసెంబరు 17వ తేదీన సాండర్సును కాల్చినప్పుడు ఆయన వాడినదియు .32 కోల్టు పిస్తోలే. అది దశాబ్దముల తరబడి జాడ తెలియకుండ పోయినది. ఇందూరులో సరిహద్దు రక్షణ దళమువారి ఆయుధ ప్రదర్శనశాలలో, త్రుప్పు పట్టకుండ పూసిన నల్లరంగు క్రింద పేరు లేక పడియుండినది. 2016 ప్రాంతమున నొక యధికారి రంగును గీకి చూడగా 168896 అను సంఖ్య బయటపడినది. కేసు కాగితములలోని సంఖ్యతో సరిపోయినది. తరువాత దానిని పంజాబులోని హుస్సేనీవాలాకు చేర్చిరి. ఒక దేశభక్తుని జ్ఞాపకచిహ్నమును కాపాడినది కవులు కారు, కాగితముమీద అంకె వ్రాసిన యెవరో గుమాస్తా. న్యాయవాదిగ నాకు ఇంతకంటె ప్రీతికరమైన కథ లేదు.

అయితే యువకులతో మఱియొక మాట చెప్పకతప్పదు. ఢిల్లీలో 1948 జనవరి 30వ తేదీన మహాత్ముని గుండెలలోనికి మూడు గుండ్లు పంపినదియు జేబు పిస్తోలే. అది ఇటలీలో చేసిన 1934 నమూనా బెరెట్టా. కోల్టువలెనే తాళము లేని స్లైడు, చిన్న తూటా, కోటుజేబులో ఇముడు పరిమాణము. ప్రదర్శనశాలలో అద్దము వెనుకనున్న పిస్తోలుకు దండము పెట్టువారిని చూచినప్పుడెల్ల నా కీ సంగతి జ్ఞప్తికి వచ్చును. దండము ఆజాదుకు పెట్టుడు. ఇనుమునకు పెట్టినచో ఆ దండములో సగము ఎవరికి చేరునో ఆలోచించుడు.

ఆయుధములు ధరించు హక్కును గూర్చి మన పెద్దలు తీవ్రముగనే ఆలోచించిరి. 1878 నాటి చట్టముచే ఇంగ్లీషు ప్రభుత్వము జాతినంతటిని నిరాయుధము చేసినదను బాధ వారికుండెను. నిబంధనలకు లోబడి ఆయుధములు ధరించు హక్కు ప్రతి పౌరునకు కలదని కరాచీ కాంగ్రెసు నాటి ప్రాథమిక హక్కుల పత్రములో వ్రాసికొనిరి. రాజ్యాంగసభలో 1948 డిసెంబరున కామత్ గారు ఆ హక్కును రాజ్యాంగములో చేర్చవలెనని ప్రతిపాదింపగా, అంబేద్కరు గారు అంగీకరింపలేదు. ఆ సభవారిలో చాలమంది అదే సంవత్సరము జనవరిలో బిర్లా భవనమునకు పరుగెత్తినవారే. అంబేద్కరు గారి పక్షమే సరియైనదని నా నమ్మకము. హక్కు కాదు, అనుమతి. అనుమతి వెంట జవాబుదారీ. 1959 నాటి చట్టమంతయు ఈ మెట్టుమీదనే నిలిచియున్నది. 2019 సవరణచే ఒక్కొక్కని వద్ద నుండదగిన తుపాకులు మూడునుండి రెండుకు తగ్గినవి. పెండ్లిండ్లలో, ఊరేగింపులలో, ఉత్సాహము పట్టలేక గాలిలో కాల్చి పరుల ప్రాణము నపాయములో పెట్టుట నేరమైనది. ఇది మన ప్రాంతమునకు అక్కఱలేని నిబంధన యని ఎవరును అనుకొనరాదు.

కాని బీరువాలోని పిస్తోలును గూర్చి మనవా రెఱుగనిది వేఱొకటి కలదు. లైసెన్సుదారుడు మరణించినప్పుడు ఆ లైసెన్సు కొడుకునకు దానంతటదియే రాదు. చట్టము 21వ సెక్షను ప్రకారము ఆ యాయుధమును జాప్యము చేయక పోలీసు ఠాణాలోనో, లైసెన్సు గల వ్యాపారి వద్దనో జమ చేయవలెను. వారసుడు తన పేర లైసెన్సు పొందినతరువాత తెచ్చుకొనవలెను. తండ్రి దినవారములు ముగిసి, ఆస్తులు పంచుకొని, పిస్తోలును "ఆయన గుర్తుగా" అట్టిపెట్టుకొన్న యన్నదమ్ములు నా ఆఫీసు గదికి వచ్చియున్నారు. తాము నేరస్థులమని వారికి తెలియదు. పెద్దవాని కండ్లలో నీరు చూచితిని. "మా నాన్నది గదండీ" యనెను. చట్టము ఆ మాట వినదు. ఇక ఖాళీ యనుకొన్న పిస్తోలు పేలి ఒకరు చనిపోయినచో, "ఖాళీ యనుకొంటిని" అను మాటయే అజాగ్రత్తకు సాక్ష్యము. పూర్వము శిక్షాస్మృతి 304ఏ సెక్షను క్రింద రెండేండ్ల వఱకు శిక్ష యుండెను. 2024 జూలైలో అమలునకు వచ్చిన న్యాయసంహిత 106వ సెక్షను క్రింద అది అయిదేండ్ల వఱకు పెరిగినది.

కొందఱు మిత్రులు, ఇంత భయమైనచో దానిని అమ్మివేయరాదా యని యడిగిరి. ఇంకొందఱు, తాతగారి గౌరవమును గుఱిమైదానమున కాల్చి అరగదీసెదవా యనిరి. రెండు పక్షములకును నా సమాధానమొకటే. కాల్చి చూడనిచో స్ప్రింగుల సంగతి తెలియదు, స్లైడు నిలువదని తెలియదు, నేను లెక్క తప్పుదునని తెలియదు. తెలియని పిస్తోలును ఉంచుకొనుటకంటె అమ్ముటయే మేలు; తెలిసిన పిస్తోలును ఇనుపపెట్టెలో, తూటాలను వేఱొక పెట్టెలో ఉంచి, సంవత్సరమున కొకమారు మైదానమునకు తీసికొనిపోవచ్చును. దొంగల నిమిత్తము తలగడ క్రింద నుంచుకొనుటకు మాత్రము ఇది తగదు. నిద్రమత్తులో చీకటిలో ప్రశ్న అడుగుట మఱచిన చేతికి ఈ సాక్షి ఏమియు చెప్పదు.

పాత తూటాలలో పది మిగిలినవి, మొండికెత్తినవి రెండు. ఆ పండ్రెండింటిని లైసెన్సు గల వ్యాపారికి ఒప్పగించి రసీదు పుచ్చుకొంటిని. చాపమీద పడిన ఇరువదవది వాటిలో నుండవలెనా, లేక మొదటి దినమున కాల్చిన పదింటిలో నుండెనా యని మా తండ్రిగారు అడిగిరి. డబ్బాలో వేసినతరువాత దానిని వేఱుగ గుర్తుపట్టలేకపోయితిని. ఆయన రసీదును రెండుమార్లు చదివి, అంకె సరిచూచుకొని, లైసెన్సు పుస్తకములో మడిచి పెట్టిరి.